ఎలిహు కాదు, ఆయన బాబాయి: యేల్ ఇంటిపేరు వెనక ఒక వంశ పరిశోధన

నేను కుటుంబ చరిత్రలు వెతికిపెట్టే పని చేస్తాను. అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లు సాధారణంగా తమ వైపు వివరాల కోసమే వస్తారు. ముత్తాత ఏ ఊరి నుంచి ఏ ఊరికి వచ్చాడు, మాన్యం ఎప్పుడు పోయింది, ఇలాంటి ప్రశ్నలతో. ఈ కేసు అలాంటిది కాదు. ఆ కుటుంబం అనుమతితో, వాళ్లను ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను.

ఫోన్ చేసింది తెనాలి నుంచి వచ్చి న్యూజెర్సీలో కొడుకు దగ్గర ఉంటున్న పెద్దావిడ. కోడలు అమెరికన్ అమ్మాయి. మనవడికి ఐదేళ్లు.

"ఏమ్మా, మా కోడలి వాళ్లమ్మ చెబుతోంది, వాళ్లది మద్రాసు గవర్నర్ వంశమట. ఆ యేల్ యూనివర్సిటీ ఉందే, ఆయన. నిజమేనా?"

నేను జవాబు చెప్పేలోపే అసలు సంగతి బయటపెట్టింది. ఆవిడ ఆయన గురించి వెతికి చదువుకుంది. "మన వైపు జనాన్నే బానిసలుగా ఓడలెక్కించారని రాశారమ్మా. పిల్లాడు పెద్దయ్యాక అడిగితే ఏం చెప్పను? నాకు ఒకటే టెన్షన్."

"ఆంటీ, ముందు అది నిజమో కాదో చూద్దాం. ఏం చెప్పాలన్నది తర్వాత ఆలోచిద్దాం" అన్నాను.

కోడలి తల్లి నాకు మూడు వస్తువులు పంపింది. వాళ్ల ముత్తవ్వ చేతిరాత నోటు పుస్తకంలో ఒక పేజీ ఫోటో, ఒక పాత బైబిల్ మొదటి పేజీల్లో రాసుకున్న పుట్టుకలు, చావుల పట్టిక, ఒక వెబ్‌సైట్ నుంచి ప్రింటు తీసిన వంశవృక్షం. నోటు పుస్తకంలో "మనం ఎలిహు యేల్ నుంచి వచ్చినవాళ్లం" అని ఉంది. వెబ్‌సైట్ చెట్టులో అదే మాటను ఇంకెవరో పట్టుకుని, మద్రాసు గవర్నర్ ఎలిహు యేల్‌ను నేరుగా పైన అతికించారు. ఆయన కింద ఒక కొడుకు, ఆ కొడుకు కింద అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో పుట్టిన పిల్లలు. అదే చెట్టును ఎంతోమంది కాపీ చేసుకున్నారు. యాభై చోట్ల కనిపించినా అది ఒక్క సాక్ష్యమే, ఎందుకంటే అన్నీ ఒకదాన్ని చూసి ఒకటి రాసినవే.

మన దగ్గర ఇంటిపేరు ఒకటే అయినా గోత్రాలు వేరైతే వాళ్లు దాయాదులు కారని అందరికీ తెలుసు. పాశ్చాత్య వంశాల దగ్గరకు వచ్చేసరికి మనవాళ్లు కూడా ఆ జాగ్రత్త మర్చిపోతారు. ఇంటిపేరు యేల్, ఊరు యేల్ యూనివర్సిటీ ఉన్న న్యూ హేవెన్, పేరు ఎలిహు. ఇక ఇంకేం కావాలి అనిపిస్తుంది. నేను మాత్రం ఆ గవర్నర్ గారి వంశం అమెరికా దాకా వచ్చే అవకాశం అసలు ఉందా అన్న ప్రశ్నతో మొదలుపెట్టాను.

ఎలిహు యేల్ 1649 ఏప్రిల్ 5న బోస్టన్‌లో పుట్టాడు. మూడేళ్లు వచ్చేసరికి తల్లిదండ్రులు ఇంగ్లండ్ వెళ్లిపోయారు. ఆయన మళ్లీ ఎప్పుడూ అమెరికా గడ్డ మీద కాలు పెట్టలేదు. ఈస్టిండియా కంపెనీలో గుమాస్తాగా చేరి 1672లో మద్రాసు వచ్చాడు. అప్పటికి అక్కడ కంపెనీ ప్రధాన వర్తకుడు మన తెలుగు వ్యాపారి కాసి వీరన్న. చీరాల నుంచి మచిలీపట్నం దాకా, ఇంకా పైకి, ఈ తీరమంతా మగ్గాల మీద నేసిన బట్టతోనే మద్రాసులోని కంపెనీ కోట బతికింది. ఎలిహు 1687లో గవర్నర్ అయ్యాడు. గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కిన ఏడాది అది. 1689లో విశాఖపట్నంలోని ఇంగ్లీషువాళ్ల ఫ్యాక్టరీ (వర్తక స్థావరం) మీద మొగలు సేనలు పడి అక్కడివాళ్లను చంపినప్పుడు కూడా మద్రాసులో గవర్నర్ ఈయనే. జీతం మీద కాక, సొంత వ్యాపారం మీద, ముఖ్యంగా వజ్రాల మీద డబ్బు సంపాదించాడు. అవినీతి ఆరోపణల మధ్య 1692లో పదవి పోయింది. 1699లో ఇంగ్లండ్ చేరాడు, 1721 జులై 8న పోయాడు. వేల్స్‌లోని రెక్స్‌హామ్ చర్చి ఆవరణలో సమాధి ఉంది. దాని మీద చెక్కిన పద్యం అమెరికాలో పుట్టాడని, యూరప్‌లో పెరిగాడని, ఆసియాలో పెళ్లాడాడని చెబుతుంది. వంశాలు వెతికేవాళ్లకు సమాధి పద్యం కూడా ఆధారమే. పెళ్లి ఆసియాలో అయితే పిల్లల కోసం ఆసియా రికార్డులే చూడాలి.

ఆ రికార్డు ఉంది. మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చి 1680 అక్టోబర్ చివర్లో ప్రారంభమైంది. ఆ చర్చి రిజిస్టర్‌లో మొట్టమొదటి పెళ్లి, అదే ఏడాది నవంబర్ 4న, ఎలిహు యేల్‌ది. పెళ్లికూతురు కేథరిన్, జోసెఫ్ హిన్మర్స్ అనే కంపెనీ అధికారి వితంతువు. వాళ్లకు ముగ్గురు ఆడపిల్లలు, ఒక్క మగపిల్లాడు. ఆ పిల్లాడి పేరు డేవిడ్. నాలుగేళ్లు నిండకుండానే 1688 జనవరిలో చనిపోయాడు. తల్లి మొదటి భర్త పక్కనే అతన్ని పాతిపెట్టారు. ఆ స్తూపం ఇప్పటికీ చెన్నైలో పాత లా కాలేజీ దగ్గర, హైకోర్టు ఆవరణలో ఉంది. దాన్ని అక్కడి నుంచి కదిలించమంటూ 2023లో మద్రాసు హైకోర్టు ఏకసభ్య తీర్పు కూడా వచ్చింది.

నేను చెన్నై వెళ్లినప్పుడు ఆ స్తూపాన్ని చూశాను. ఎండలో వకీళ్ల బైకుల మధ్య నిలబడి ఉంది. న్యూజెర్సీలో ప్రింటు తీసుకున్న ఆ చెట్టులో ఎలిహు కింద "కొడుకు డేవిడ్" అని రాసి, ఆ డేవిడ్ కింద పదిమంది సంతానాన్ని వేశారు. ఆ డేవిడ్ ఇక్కడ, నాలుగేళ్లు నిండని వయసులో, ఈ రాళ్ల కింద ఉన్నాడు. దుఃఖం కలిగింది. మూడు వందల ఏళ్ల తర్వాత ఆ పసివాడికి లేని పెళ్లి, లేని పిల్లలు అంటగట్టారు.

ఆడపిల్లల్లో కేథరిన్ అనే అమ్మాయి డడ్లీ నార్త్ అనే ఆయన్ని, ఆన్ అనే అమ్మాయి లార్డ్ జేమ్స్ కావెండిష్‌ను చేసుకున్నారు. ఉర్సులాకు పెళ్లి కాలేదు. భార్య ఇంగ్లండ్ వెళ్లాక ఎలిహు మద్రాసులో హిరోనిమా డి పైవా అనే వజ్రాల వ్యాపారి వితంతువుతో ఉన్నాడు. వాళ్లకు పుట్టిన చార్లెస్ 1712లో ఆఫ్రికా దక్షిణ కొస, కేప్‌లో పోయాడు. అంటే యేల్ ఇంటిపేరు ఎలిహు నుంచి కిందికి దిగే దారి ఒక్కటీ మిగల్లేదు.

ఇక్కడితో కేసు మూసేయొచ్చు. కానీ కాదని తేల్చడం సగం పనే. ముత్తవ్వ అబద్ధం రాసుకోదు. ఆవిడ రాసిన మాట వెనక ఏదో నిజం ఉండాలి.

ఆ నిజానికి నాకు దొరికిన మొదటి కొస ఒక ఉత్తరం. 1711 మేలో లండన్‌లో కనెక్టికట్ వ్యవహారాలు చూసే జెరెమయా డమ్మర్ న్యూ హేవెన్ పాస్టర్ జేమ్స్ పియర్‌పాంట్‌కు రాశాడు. మద్రాసు మాజీ గవర్నర్ యేల్ గారికి చెప్పలేనంత ఆస్తి ఉంది, కొడుకు లేడు, అందుకని వారసుడిగా చేసుకోవడానికి కనెక్టికట్ నుంచి ఒక బంధువును పిలిపిస్తున్నాడు అని ఆ ఉత్తరం సారాంశం. చదివాక పెన్ను పక్కన పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాను. ఒక్క వాక్యంలో రెండూ తేలిపోయాయి. ఎలిహుకు పెళ్లి వల్ల పుట్టిన కొడుకు మిగల్లేదని ఆయన బతికుండగానే తెలిసినవాళ్లు రాసిన సాక్ష్యం. కనెక్టికట్‌లో ఆయన రక్తసంబంధీకులు ఉన్నారన్న సాక్ష్యం కూడా. ఆ పిలుపు అందుకున్న కుర్రాడు నార్త్ హేవెన్ వైపు యేల్ కుటుంబంలోని డేవిడ్. చెట్టులో చచ్చిపోయిన డేవిడ్ మళ్లీ బతికింది ఇతని వల్లేనని నా నమ్మకం. దత్తత కోసం పిలిచిన బంధువును తర్వాతివాళ్లు కొడుకుగా చదువుకుని ఉంటారు.

ఈ బంధువు ఎవరి తాలూకు? ఇక్కడ ఇంగ్లీషు నన్ను చాలా ఇబ్బంది పెట్టింది. ఆ కాలం పత్రాల్లో బంధువు అన్న మాట అన్న మనవడికీ, అత్త కొడుక్కీ, పెళ్లి వల్ల కలిసినవాళ్లకూ ఒకేలా వాడేస్తారు. నేను నా కాగితం మీద అందరికీ తెలుగు వరసలు రాసుకోవడం మొదలుపెట్టాను. పెదనాన్న, బాబాయి, మేనత్త, మేనమామ. అప్పుడు ముడి విడిపోయింది.

ఎలిహు తండ్రి పేరు డేవిడ్. ఆ డేవిడ్‌కు ఒక తమ్ముడు, థామస్. అంటే ఎలిహుకు బాబాయి. అన్న ఇంగ్లండ్ వెళ్లిపోయాడు, తమ్ముడు న్యూ హేవెన్‌లో నిలిచాడు. అమెరికాలోని ఈ యేల్ కుటుంబమంతా ఆ బాబాయి సంతానం.

ఇక అసలు వలసదారు దగ్గరకు వద్దాం. యేల్ వాళ్లది ఉత్తర వేల్స్‌లోని ఇయాల్ అనే ప్రాంతం, ఆ పేరే ఇంటిపేరు అయింది. థామస్ యేల్ అనే ఆయన 1619లో చనిపోయాడు. భార్య ఆన్, చెస్టర్ బిషప్ జార్జ్ లాయిడ్ కూతురు. ఆమెకు ముగ్గురు పిల్లలు, కూతురు ఆన్, కొడుకులు డేవిడ్, థామస్. ఆమె తర్వాత భార్య పోయిన లండన్ వర్తకుడు థియోఫిలస్ ఈటన్‌ను పెళ్లాడింది. 1637లో ఈ ఇల్లంతా, పాస్టర్ జాన్ డావెన్‌పోర్ట్ బృందంతో కలిసి, హెక్టర్ అనే ఓడలో బోస్టన్ చేరింది. 1638 వసంతంలో లాంగ్ ఐలాండ్ జలసంధి ఒడ్డున న్యూ హేవెన్ మొదలైంది. ఈటన్ దానికి గవర్నర్, చనిపోయేదాకా ఆయనే.

చాలా వంశవృక్షాల్లో ఈ తరం మీద గవర్నర్ ఈటన్ బొమ్మ పెద్దగా ఉంటుంది. రక్తం దృష్ట్యా ఆయన యేల్ వాళ్లకు ఏమీ కాడు, సవతి తండ్రి. అమెరికాలో ఈ ఇంటికి మూలం ఆన్. ఆమె గురించి చర్చి రికార్డులో ఉన్నంత ఆ కాలపు ఇంకో ఆడమనిషి గురించి ఉండటం అరుదు, అదీ విచారణ రూపంలో. పసిపిల్లలకు బాప్టిజం ఇవ్వడం సరికాదని వాదించే పుస్తకాన్ని లేడీ డెబొరా మూడీ దగ్గర తీసుకుని చదివి, ఆ మాట నమ్మి, చర్చిలో బాప్టిజం మొదలుకాగానే లేచి వెళ్లిపోయేది. అత్తగారిని కొట్టిందని, సవతి కూతుర్ని గిల్లిందని ఇంటి గొడవలు కూడా సభ ముందుకు తెచ్చారు. 1645లో చర్చి నుంచి వెలివేశారు. గవర్నర్ భార్య అయినా ఆగలేదు. భర్త పోయాక ఇంగ్లండ్ వెళ్లి, 1659లో అక్కడే పోయింది.

ఆమె కూతురు ఆన్ కథ విన్నప్పుడు తెనాలి పెద్దావిడ చాలాసేపు మాట్లాడలేదు. ఆ అమ్మాయి కనెక్టికట్ గవర్నర్ ఎడ్వర్డ్ హాప్కిన్స్ భార్య. మతి చలించింది. మసాచుసెట్స్ గవర్నర్ జాన్ విన్‌త్రాప్ తన డైరీలో 1645లో దీనికి కారణం రాసుకున్నాడు. ఎప్పుడూ చదవడం, రాయడంలోనే మునిగిపోయిందని, ఎన్నో పుస్తకాలు రాసిందని, ఇంటిపనులు చూసుకుని ఉంటే మతి నిలిచేదని. ఆమె రాసినవాటిలో ఒక్క కాగితం మనకు మిగల్లేదు. "మా అత్తగారు కూడా నేను వారపత్రిక పట్టుకుంటే ఇదే అనేది" అంది పెద్దావిడ. నా రిపోర్టులో ఆన్ హాప్కిన్స్‌కు ఒక పూర్తి పేజీ ఇచ్చాను. ఆమె సంతానం కోసం వెతికే అవసరం ఈ కేసులో లేదు, అయినా ఇచ్చాను.

డేవిడ్ బోస్టన్‌లో వర్తకుడయ్యాడు. చర్చి సభ్యులు కానివాళ్లకూ హక్కులు కావాలంటూ డాక్టర్ రాబర్ట్ చైల్డ్ 1646లో పెట్టిన అర్జీ మీద సంతకం చేసిన ఏడుగురిలో ఒకడు. తర్వాత ఇంగ్లండ్ దారి పట్టాడు, చంకలో ఎలిహును పెట్టుకుని.

థామస్ మిగిలాడు. కెప్టెన్ నథానియేల్ టర్నర్ కూతురు మేరీని పెళ్లాడాడు. ఆ టర్నర్ 1646లో న్యూ హేవెన్ వాళ్లు ఆశలన్నీ పెట్టుకుని సరుకులతో ఇంగ్లండ్‌కు పంపిన పెద్ద ఓడలో వెళ్లాడు. ఓడ మళ్లీ కనిపించలేదు. కొన్నాళ్లకు ఉరుముల వాన వెలిశాక ఆకాశంలో ఆ ఓడ ఆకారం కనబడి కరిగిపోయిందని ఆ ఊళ్లో తరతరాలు చెప్పుకున్నారు. థామస్ న్యూ హేవెన్ చుట్టుపక్కల భూమి చేసుకుంటూ బతికి 1683లో పోయాడు. అతని కొడుకు, ఇంకో థామస్, 1670లో వాలింగ్‌ఫోర్డ్ అనే కొత్త ఊరు కట్టుకున్నవాళ్లలో ఒకడు. 1736 దాకా జీవించాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ కథలో ఇప్పటికి ముగ్గురు థామస్‌లు వచ్చారు. ఎలిహు తమ్ముడు కూడా థామసే, అతనూ మద్రాసులో పనిచేశాడు. మనం తాత పేరు మనవడికి పెట్టుకున్నట్టే వాళ్లూ పెట్టుకున్నారు. కాలేజీకి పేరు వచ్చాక ఎలిహు అన్న పేరు కూడా బాబాయి వంశంలో మళ్లీ మళ్లీ వినబడింది. 1850లో న్యూ హేవెన్‌లో ఈ కుటుంబ వంశావళిని మొదటిసారి అచ్చువేసిన ఆయన పేరు కూడా ఎలిహు యేలే. ఆయన రాసిందేమో థామస్ సంతానం గురించి! నా క్లయింటు ముత్తవ్వ తాత పేరూ ఎలిహు అని బైబిల్ పేజీలో దొరికింది. 19వ శతాబ్దపు రైతు. ముత్తవ్వ రాసుకున్న మాట అక్షరాలా నిజం. ఆవిడ ఎలిహు యేల్ నుంచే వచ్చింది, తన తాత నుంచి. తర్వాతివాళ్లు ఆ పేరును లాక్కెళ్లి మద్రాసు కోటలో కూర్చోబెట్టారు.

ఈ తాత నుంచి వలస వచ్చిన థామస్ దాకా ఒక్కో మెట్టు కట్టాలి. నేను ఎప్పుడూ బతికున్నవాళ్ల నుంచి వెనక్కి వెళ్తాను, పైనుంచి కిందికి రాను. పైనుంచి వస్తే గొప్పవాళ్ల వైపు కాళ్లు వాటంతటవే లాగుతాయి. కోడలి తల్లి జనన పత్రం నుంచి మొదలుపెట్టి పెళ్లి పత్రాలు, జనాభా లెక్కలు. అమెరికా లెక్కల్లో ఇంట్లో అందరి పేర్లూ రాయడం 1850లో మొదలైంది. అంతకుముందు ఇంటి పెద్ద పేరు ఒక్కటే, మిగతావాళ్లు వయసుల గళ్లలో గీతలుగా ఉంటారు. ఎవరు ఎవరికి ఏమవుతారో రాయడం 1880లో వచ్చింది. 1890 లెక్కలు దాదాపు అన్నీ 1921 అగ్ని ప్రమాదం దెబ్బకు పోయాయి. ఆ పదేళ్ల ఖాళీని ఊరి పన్నుల జాబితా, ఒక భూమి అమ్మకం దస్తావేజు పెట్టి పూడ్చాను.

1850కి ముందు కనెక్టికట్ ఊళ్ల పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులన్నీ బార్బర్ సేకరణ అనే పెద్ద సూచికలో ఉన్నాయి. అది చూసి ఆగిపోతే తప్పు. అది సూచిక మాత్రమే, ఊరి అసలు పుస్తకం కాదు. వాలింగ్‌ఫోర్డ్ దగ్గర ఒక తరం నన్ను రెండు వారాలు ఆపింది. ఒకే పేరున్న ఇద్దరు దాయాదులు, వయసులు దగ్గరదగ్గర. అందులో ఒకరికి పెళ్లి కంటే ముందే బిడ్డ పుట్టినట్టు ఉంది. 1752 దాకా ఇంగ్లీషువాళ్ల కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. మే నెలలో పెళ్లి అయి, మరుసటి ఫిబ్రవరిలో బిడ్డ పుడితే రెండింటికీ ఒకే సంవత్సరం పడుతుంది. ఈటన్ చావు తేదీ కూడా పాత పత్రాల్లో 1657 జనవరి, మన లెక్కకు 1658. ఈ సంగతి పట్టించుకోనివాళ్లు ఆ దంపతులను విడదీసి, బిడ్డను దాయాది ఇంట్లో వేసేశారు. చివరికి తండ్రి ఆస్తి పంపకం కాగితంలో కూతురు, ఆమె భర్త కలిసి పెట్టిన సంతకాలు తేల్చాయి.

కోడలి తమ్ముడు అడిగాడు, డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే ఒక్కరోజులో తేలిపోదా అని. తేలదు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్ పరీక్ష వీళ్లకు పనికిరాదు, మధ్యలో ఆడపిల్లల మీదుగా దారి తిరిగింది. ఒకవేళ పనికొచ్చినా, డేవిడ్, థామస్ సొంత అన్నదమ్ములు. ఇద్దరిదీ ఒకే వై. ఎలిహు సంతానమా, బాబాయి సంతానమా అన్న ప్రశ్నకు అది జవాబు చెప్పలేదు. ఇక మామూలు పరీక్షల సంగతి. 12 తరాలు వెనక్కి వెళితే లెక్కకు 4,096 మంది పూర్వీకులు. ఆ దూరంలో ఒక్కొక్కరి నుంచి మనకు చేరేది లేశం, చాలామంది నుంచి ఏమీ చేరదు. ఇలాంటి కేసులో కాగితమే దారి.

థామస్ సంతానంలో లోకానికి తెలిసిన పేర్లు కొన్ని ఉన్నాయి. లైనస్ యేల్ జూనియర్ ముందు బొమ్మలు వేసేవాడు, తర్వాత తండ్రి బాటలో తాళాల పనికి వచ్చి 1861లో, 1865లో పేటెంట్లు తీసుకున్నాడు. మన ఇళ్ల తలుపులకు ఉండే చదునైన తాళంచెవి, స్తంభాల్లాంటి చిన్న పిన్నులతో తిరిగే తాళం, ఆయన చలవే. స్టాంఫర్డ్‌లో ఫ్యాక్టరీ పెట్టిన ఏడాదే, 1868 క్రిస్మస్ రోజున పోయాడు. చెవిటి పిల్లలకు మాట నేర్పడంలో జీవితమంతా గడిపిన కేరొలైన్ యేల్ కూడా ఈ ఇంటి ఆడపడుచే. నా క్లయింట్లు వీళ్లకు దూరపు దాయాదులు, అంతే. రిపోర్టులో అలాగే రాశాను.

రిపోర్టు ఇచ్చిన రోజు వీడియో కాల్‌లో ఇల్లంతా కూర్చుంది. మనవడిది ఎలిహు బాబాయి వంశమని నేను చెప్పగానే పెద్దావిడ ముఖం విచ్చుకుంది. "అమ్మయ్య, ఆ పాపం మనది కాదన్నమాట!"

నాకు ఆ మాట దగ్గర ఆగాలనిపించలేదు. ఎలిహు పేరును తీసి అవతల పడేయకుండా రిపోర్టులో ఒక అధ్యాయం పెట్టాను, ఎందుకంటే ఆ పేరు ఈ కుటుంబం తరతరాలు గర్వంగా చెప్పుకుంది. మద్రాసు కోట కౌన్సిల్ రికార్డుల్లో, యూరప్ వెళ్లే ప్రతి ఓడ కనీసం పదిమంది బానిసలను సెయింట్ హెలీనా దీవికి తీసుకెళ్లాలన్న ఆదేశం ఉంది. ఆ కౌన్సిల్‌లో యేల్ కూర్చున్నాడు. కరువు పట్టిన 1687లో ఒక్క నెలలోనే మద్రాసు నుంచి 665 మందిని ఓడల్లో పంపారు. ఆకలికి తమను తాము అమ్ముకున్న ఈ తీరపు మనుషులు. వాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు ఉండరని ఎలా అనుకోను? ఒక్క పేరు కూడా రాసిపెట్టలేదు. ఇటు యేల్ వాళ్లకు 12 తరాలు పేర్లు, తేదీలతో సహా దొరికాయి.

యేల్ యూనివర్సిటీ మ్యూజియంలో సుమారు 1719 నాటి చిత్రం ఒకటి ఉంది. ఎలిహు, అల్లుడు, ఇంకా పెద్దమనుషులు బల్ల చుట్టూ కూర్చుని ఉంటారు. కుడి పక్కన నల్లజాతి పిల్లవాడు, పదేళ్లు ఉంటాయేమో, మెడకు వెండి పట్టీ, దానికి తాళం. 2020లో ఆ చిత్రాన్ని గోడ మీద నుంచి తీసి, పిల్లవాడి గురించి పరిశోధించి, 2022లో మళ్లీ పెట్టారు. బానిసత్వంతో తనకున్న సంబంధాలకు యూనివర్సిటీ 2024 ఫిబ్రవరిలో క్షమాపణ చెప్పింది. ఆ కాలేజీకి ఆ పేరు రావడానికి కారణం 1718లో ఎలిహు పంపిన 417 పుస్తకాలు, జార్జ్ రాజు బొమ్మ, తొమ్మిది బేళ్ల సరుకు. ఆ బట్టలను బోస్టన్‌లో అమ్మితే 562 పౌండ్లు వచ్చాయి. ఆ బేళ్లలో మన దేశపు నూలు బట్ట ఉంది.

"మరి ఆ బాబాయి మంచివాడేనా?" అంది పెద్దావిడ, ఇంకా ఆశ వదలకుండా.

అది కూడా రాశాను. 1638 నవంబర్‌లో అక్కడి ఆదివాసులైన క్విన్నిపియాక్ ప్రజల పెద్ద మొమాగిన్‌తో ఈటన్, డావెన్‌పోర్ట్ ఒప్పందం చేసుకున్నారు. ఆ నేలంతటికీ ఇచ్చింది తొడుక్కునే కోటులు 12, 12 చెంచాలు, 12 గొడ్డళ్లు, 12 పారలు, రెండు డజన్ల కత్తులు, 12 గిన్నెలు, నాలుగు పెట్టెల కత్తులూ కత్తెర్లూ. కత్తెర్లతో కొన్న ఆ నేల మీదే థామస్ పొలం వేశాడు. అసలు వాళ్లకు హార్బరు తూర్పున 1,200 ఎకరాలు విడిచారు. థామస్ స్వయంగా ఎవరికీ అన్యాయం చేశాడని నా దగ్గర ఆధారం లేదు, చేయలేదనీ రాయలేదు. భూమి ఎలా చేతికొచ్చిందో మాత్రం రాశాను.

కోడలు అప్పటిదాకా మాట్లాడలేదు. ఆ అంకెలున్న పేజీ మళ్లీ చదివించుకుంది. తన కొడుకు పెద్దయ్యాక ఈ రిపోర్టులో ఒక్క పేజీ కూడా దాచకుండా ఇస్తానంది.

పెద్దావిడ తన కాపీలో తెలుగు వరసలు ఉండాలని పట్టుబట్టింది. థామస్ పేరు పక్కన బాబాయి అని తానే స్కెచ్ పెన్నుతో రాసుకుంది. అలా రాస్తూ ఆగి, తన భర్త తద్దినానికి కొడుకు చేత చెప్పించే మూడు తరాల పేర్లు లెక్కపెట్టింది. మగవాళ్లు ముగ్గురూ వచ్చారు. ఆడవాళ్లు అత్తగారి దగ్గర ఆగిపోయారు. ఇక్కడ వేల్స్‌లో 1619లో భర్తను పోగొట్టుకున్న ఆన్ తండ్రి పేరు కూడా తెలుసు, తన అత్తగారి తల్లి పేరు తెలియదు.

కాల్ ఆపకుండానే ఇంకో ఫోన్ తీసి తెనాలిలో ఆడపడుచుకు కలిపింది. అక్కడ పొద్దున్నే ఆరున్నర. స్పీకర్‌లో వినిపించింది.

"ఏంటొదినా ఇంత పొద్దున్నే? మా అమ్మమ్మ పేరా? ఉండు, ఉండు, పక్కింటి పిన్నిగారిని అడిగొస్తా."